ఆగని బండి, అలగని అల్లుడు

ఆ ఆదివారం వాళ్ల ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే రాజమండ్రిలో బయల్దేరడం, మధ్యాహ్నం పాలకొల్లులో నాగశ్రీ పుట్టింట్లో భోంచెయ్యడం, సాయంత్రానికి అంతర్వేది చేరి, సముద్రం ఒడ్డున తమ కొత్త ఇంట్లో పడుకోవడం. కొత్త ఇల్లంటే చక్రాల మీది ఇల్లు. సినిమా షూటింగుల్లో మేకప్ గదిగా తిరిగి తిరిగి అలిసిపోయిన పాత డీజిల్ వ్యాను ఒకటి ఫణీంద్ర కంటపడింది. పెళ్లయిన రెండో నెలలోనే దాన్ని కొనేశాడు.

లోపల మడత మంచం, ఒంటి పొయ్యి, కొబ్బరి చిప్పంత సింకు, చుట్టూ బల్బులున్న అద్దం. బల్బుల్లో మూడే వెలుగుతాయి. ఆ మూడింటి వెలుగులో బొట్టు పెట్టుకున్నప్పుడల్లా నాగశ్రీకి తనే హీరోయినన్నంత సంబరం. కిటికీలకు పచ్చ కర్టెన్లు తనే కుట్టింది. సింకు కింద బకెట్టు పెట్టకపోతే నీళ్లు కాళ్ల మీద పడతాయని కనిపెట్టిందీ తనే. అందుకూ సంబరపడింది.

కొన్న దగ్గర్నుంచి ఆ బండి ఇంటి ముందు కంటే షెడ్డులోనే ఎక్కువ కాపురం చేసింది. ఒకసారి రేడియేటర్ కారింది, ఒకసారి సెల్ఫు పని చెయ్యలేదు, ఒకసారి వెనక తలుపు ఊడి చేతికొచ్చింది. ప్రతిసారీ షెడ్డువాళ్లే వచ్చి తోలుకెళ్లేవారు, వాళ్లే తెచ్చి నిలబెట్టేవారు. ఫణీంద్ర తన చేత్తో ఊరు దాటించడం ఇదే మొదలు. అసలు మొదట్లోనే మావగారు అచ్యుతరామరాజు గారు "కొనేముందు మా మెకానిక్ వీరబ్రహ్మాన్ని పంపిస్తానండి, ఓసారి చూస్తాడు" అని ఫోన్లో అన్నప్పుడు అతను ఒప్పుకోలేదు. "అక్కర్లేదండి మావయ్యగారూ, డీజిల్ బండి నాకు కొట్టిన పిండి" అనేశాడు.

రావులపాలెంలో అరటిపళ్లు కొందామని ఆగారు. ఫణీంద్ర తాళం తిప్పి, తీసి, జేబులో వేసుకున్నాడు. ఇంజిన్ మాత్రం డగడగమంటూనే ఉంది.

"ఏవండీ, ఆపలేదా?"

"ఆపాను."

"మరి తిరుగుతోందిగా?"

"ఆపాననే చెప్తున్నా నేనూ!" అని తాళం తీసి చూపించాడు.

నాగశ్రీకి నవ్వాగలేదు. గేరులో పెట్టి క్లచ్ వదిలేస్తే ఆగుతుందేమో అంది. గేరుబాక్సు పోతుందని అతను హడలిపోయాడు. మళ్లీ తాళం పెట్టాడు, తిప్పాడు, తీశాడు. హెడ్‌లైట్లు వెలిగాయి, వైపర్లు ఆడాయి, హారన్ మోగింది. ఇంజిన్ ఒక్కటే మాట వినలేదు.

"నవ్వకు శ్రీ. ఈ సంగతి మీ నాన్నగారికి తెలిసిందంటే ఇంక ఆ ఇంట్లో నేను తలెత్తుకోలేను. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

నాగశ్రీ నవ్వుతూనే ఒట్టేసింది. కొత్త మొగుడు అడిగిన మొదటి రహస్యం కదా, అదీ ముద్దుగానే అనిపించింది.

పాలకొల్లులో వాకిట్లో నీళ్లు జల్లి, ముగ్గేసి ఉంది. తల్లి సుభద్రమ్మ, నాన్నమ్మ బుల్లెమ్మ, తమ్ముడు రవితేజ గుమ్మంలో నిలబడ్డారు. అచ్యుతరామరాజు గారు కండువా సవరించుకుంటూ ఎదురొచ్చారు.

"దిగండి అల్లుడుగారూ, కాళ్లు కడుక్కుందురుగాని."

"పర్లేదండి, కాసేపు ఇక్కడే కూర్చుంటాను" అన్నాడు ఫణీంద్ర. తాళం లేకుండా తిరిగే బండి వదిలి లోపలికెళితే ఎవడైనా ఎక్కి తోలుకుపోతాడని అతని భయం.

ఆ ఇంట్లో అల్లుణ్ణి మొహం మీద "ఎందుకు" అని అడిగే అలవాటు లేదు. ఏదున్నా వంటింట్లో కూతుర్ని అడగాల్సిందే.

"ఏమయ్యిందే? దార్లో ఏమన్నా అన్నావా?" అంది సుభద్రమ్మ.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఇంజినన్నా ఆపకుండా కూర్చుంటారా మనిషి? గుమ్మం తొక్కననేగా దానర్థం!"

"నిన్ను దింపేసి పోదామని కాబోలే అమ్మడూ" అంది బుల్లెమ్మ.

నాగశ్రీకి ఒట్టు అడ్డం పడింది. "ఆయనకా చప్పుడంటే ఇష్టం నాన్నమ్మా" అంది.

ఆ మాటతో సుభద్రమ్మకు అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. ఏదో చాలా పెద్దదే జరిగిందని కళ్లు ఒత్తుకుంటూ గారెల పళ్లెం పట్టుకుని వ్యాను దగ్గరికి నడిచింది.

"బాబూ, పెళ్లిలో మీ పెద్దమ్మగారికి బూరెలు మారు వడ్డించలేదు. చూసుకోలేదు బాబూ. అది మనసులో పెట్టుకోకండి."

ఫణీంద్రకు ఆ బూరెల సంగతే తెలియదు. "అయ్యో, అదేం లేదండి" అంటుండగానే రవితేజ వచ్చాడు.

"బావగారూ, మీకు తెలిసిపోయిందని నాకర్థమైందండి. మీ పెళ్లి వీడియో కేసెట్టు మీద మ్యాచ్ రికార్డు చేసింది నేనే. తలంబ్రాల దాకా ఉందండి. ఆ తర్వాత నుంచీ క్రికెట్టే."

ఫణీంద్ర నోరు తెరిచి మూసేలోపు బుల్లెమ్మ కిటికీ పట్టుకుంది.

"పెళ్లిచూపులనాడు నిన్ను చూసి చెరువుగట్టున కొంగలా ఉన్నాడన్నాను నాయనా. మెడ పొడుగనిపించి అన్నాను, అంతే. ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావులే, బాగున్నావు."

వాళ్లు వెళ్లగానే అతను నాగశ్రీని పిలిచాడు. "క్రికెట్టా? కొంగా? ఇప్పటిదాకా లేని కోపం ఇప్పుడొస్తోంది శ్రీ!"

"గారెలు తినండి, తగ్గుతుంది" అంది నాగశ్రీ.

ఈలోగా వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది. రాజుగారి కొత్త అల్లుడు అలిగాడట, బండి దిగనన్నాడట. ఎదురింటాయన ఏకంగా పెద్దమనుషుల్ని పిలిపించమని సలహా ఇచ్చాడు. అచ్యుతరామరాజు గారు అరుగు మీద కూలబడ్డారు.

"అల్లుడుగారు దిగి విస్తరి ముందు కూర్చునేదాకా నేను ముద్ద ముట్టను."

ఆయనకు షుగరు. భోజనానికి ముందు వేసుకునే ఇంజక్షన్ వేసేసుకున్నారు. ఇప్పుడు తినకపోతే చెమటలు పట్టి పడిపోతారని నాగశ్రీకి తెలుసు. అంతవరకూ తమాషాగా ఉన్నదంతా ఒక్కసారిగా తమాషా కాకుండా పోయింది. పరుగున వ్యానెక్కింది.

"ఏవండీ, నా ఒట్టు నేను తీసి గట్టున పెట్టేశా. నాన్న ఇంజక్షన్ వేసుకుని తిననంటున్నారు. నేను చెప్పేస్తున్నా."

ఫణీంద్ర ఆమె మొహం చూశాడు. "నువ్వెందుకు, నేనే చెప్తాను" అని తలుపు తీసి, "మావయ్యగారూ, ఒక్కసారి లోపలికి రండి" అని పిలిచాడు.

ఆయన కండువా నడుముకు చుట్టుకుని, ఏం వినాల్సి వస్తుందోనన్నట్టు బిక్కుబిక్కుమంటూ ఎక్కారు.

"నాకు కోపమేం లేదండి. నాకు దీన్ని ఆపడం రాదండి."

అచ్యుతరామరాజు గారు మంచం మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంతేనా అల్లుడుగారూ! ప్రాణం లేచొచ్చిందండి బాబూ! రొయ్యల చెరువుల మీద ఆరింజిన్లు తిప్పుతున్నాను నేను. డీజిల్ ఇంజిన్‌కి తాళంతో పనేంటండీ? స్టీరింగ్ కింద నల్లపిడి ఉంటుంది. అది లాగితే నోరు మూస్తుంది. చూడండి!"

వంగారు. పిడి దొరికింది. ఆరింజిన్ల అనుభవమంతా ఉపయోగించి లాగారు.

పిడి చేతికొచ్చింది. దాని వెనకే మూరెడు తుప్పుపట్టిన తీగ వచ్చింది. ఇంజిన్ మాత్రం ఇదివరకటికంటే హుషారుగా తిరుగుతోంది.

ముగ్గురూ పిడినే చూశారు. అచ్యుతరామరాజు గారు కర్టెన్ కొద్దిగా తొలగించి బయటికి చూశారు. వీధంతా అక్కడే ఉంది. ఆయన కర్టెన్ మూసి, పిడిని కండువాలో చుట్టేశారు.

"ఈ సంగతి బయటికి పొక్కకూడదు" అన్నారు గొంతు తగ్గించి.

"ఆయ్, పొక్కదండి" అన్నాడు ఫణీంద్ర. అతని గొంతులో ఇంత ఆనందం నాగశ్రీ పెళ్లిరోజున కూడా వినలేదు.

రాజుగారు కిటికీలోంచి తల బయటపెట్టి వీధికి వినపడేలా చెప్పారు. "సుభద్రా! విస్తళ్లు ఇక్కడికే పంపించు. అల్లుడుగారూ, నేనూ బండిలోనే భోంచేస్తాం. ఇంజిన్ తిరుగుతుంటే గాలి బాగా ఆడుతోంది!"

మడత మంచం మీద మూడు విస్తళ్లు పడ్డాయి. రొయ్యల ఇగురు, ముద్దపప్పు, పులుసు, ఆవకాయ, పాయసం. ఇంజిన్ అదురుకు గ్లాసులు గలగలమన్నాయి, పులుసు గిన్నెలో చిన్న చిన్న అలలు లేచాయి. నాన్న మొదటి ముద్ద మింగేదాకా నాగశ్రీ ఆయన నోటివంకే చూసింది. మింగాక తన విస్తరి దగ్గరికి లాక్కుంది. మావా అల్లుళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ, కొంగ సంగతి చెప్పుకుని నవ్వుతున్నారు. అంతర్వేది వెళ్లకపోతే మాత్రమేం, కెరటాలు పులుసు గిన్నెలోకే వచ్చాయిగా అనుకుంది.

పొద్దు వాలుతుండగా ఇంజిన్ రెండుసార్లు దగ్గి, దానంతటదే ఆగిపోయింది. టాంకులో డీజిల్ చుక్క లేదు. ఒక్కసారిగా కాకుల అరుపులు వినపడ్డాయి. మావా అల్లుళ్లు ఒకేసారి ఊపిరి వదిలారు.

వంటింట్లోంచి సుభద్రమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, అల్లుడుగారికిష్టమైన చప్పుడు ఆగిపోయిందేంటి! ఇప్పుడెవరేమన్నారు ఆయన్ని?"

ఎవరూ ఏమీ అనలేదని ఆవిణ్ణి నమ్మించడానికి ఫణీంద్ర ఇంకో రెండు గిన్నెల పాయసం తాగాల్సి వచ్చింది.