నురగ తగ్గేదాకా ఆగు బావా!

బీరు తాగడం చెడ్డ అలవాటు. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ బీరు నాణ్యతను పరీక్షించడం మాత్రం మనిషి కనిపెట్టిన అలవాట్లన్నిట్లోకీ గొప్పది! ఎందుకంటారా? అందులో బీరు తాగే పని ఉండదు కనుక.

నవ్వకండి. నేను అనుభవంతో చెబుతున్నాను.

నాకో డ్రై క్లీనింగ్ షాపు ఉంది. వారంలో ఆరు రోజులూ స్టీమ్ ప్రెస్ ముందు నిలబడి ఊరందరి కోట్లకీ ప్యాంట్లకీ మడతలు పెడుతుంటాను. మడతలు వాళ్ళకి, ఆవిరి నాకు. శనివారం సాయంత్రం షట్టర్ దించేసరికి గొంతు తడారిపోయి, ఎవరైనా పిలిస్తే పలకడానిక్కూడా బద్ధకంగా ఉంటుంది. అందుకే పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడకీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. వారానికి ఒక్క సీసా. అదీ శనివారం, అదీ ఇంట్లో, అదీ తాగిన గ్లాసు నేనే కడిగేటట్టు. సీసాలో మిగతాదంతా ఎలా ఉన్నా ఫరవాలేదు. ఆ మొదటి చల్లటి గుటక ఉంది చూశారూ, దానికోసమే మిగతా వారమంతా బతికేవాణ్ణి.

ఇంతలో మా బావమరిది కోర్సు చేశాడు.

మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. మనిషి బంగారం. శనివారం సాయంత్రాలు మా ఇంటికొచ్చి నా సీసాలో సగం పంచుకునేవాడు. నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. అలాంటివాడు ఉన్నట్టుండి ఎక్కడో బీరు రుచి పరీక్షించే కోర్సు పూర్తిచేసి, ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్‌తో సహా మా హాల్లో దిగాడు.

"పిల్స్‌నర్ అంటే ఆషామాషీ బీరు కాదు బావా. లేత బంగారు రంగు, తేటదనం, తెల్లటి నురగ, చిరుచేదు. అంతే! ఇందులో ఏ చిన్న తప్పు జరిగినా దాక్కోవడానికి చోటుండదు," అన్నాడు.

దాక్కోవాల్సిన అవసరం నాకొస్తుందని అప్పుడు తెలియలేదు.

ముందుగా ఈ విద్య వల్ల కలిగే మేలు సంగతి చూద్దాం. పిల్స్‌నర్‌ని గబుక్కున గ్లాసులో ఒంపకూడదట! కొంచెం పొయ్యాలి. నురగ లేస్తుంది. అది తగ్గేదాకా ఆగాలి. మళ్ళీ కొంచెం పొయ్యాలి. మళ్ళీ ఆగాలి. నేను చెయ్యి చాపితే "నురగ తగ్గేదాకా ఆగు బావా!" అని వేలి మీద కొట్టేవాడు. ఈ ఆగడంలో మా ఆవిడ బట్టలు ఉతికి, ఆరేసి, ఎండిన వాటిని మడత కూడా పెట్టేసేది. పాఠకులారా, ఓపిక నేర్పడానికి ఊరూరా శిబిరాలు పెడుతున్నారు కదా? ఫీజులు దండగ! ఒక సీసా, ఒక బావమరిది చాలు.

నురగ తగ్గాక రంగు. గ్లాసును ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటాడు. ఎండుగడ్డి రంగా, తేనె రంగా? కళ్ళజోళ్ళ షాపు అలవాటు ఎక్కడికి పోతుంది? "ఇప్పుడు బాగా కనిపిస్తోందా బావా? ఇప్పుడు? ఇందాకా బాగుందా, ఇప్పుడు బాగుందా?" నాకు కనిపిస్తున్నదల్లా ఒక్కటే. గ్లాసు బయట పట్టిన చెమట ఆరిపోతోంది. అంటే లోపల బీరు వేడెక్కుతోంది!

రంగయ్యాక వాసన. ఇక్కడ నా అజ్ఞానం బట్టబయలైంది. "తడిసిన అట్టపెట్టె వాసనేమైనా వస్తోందా?" అన్నాడు. నేను జన్మలో అట్టపెట్టెను తడిపి వాసన చూసినవాణ్ణి కాను. ఆ మాటే చెప్పాను. మర్నాడు నా చదువు మొదలైంది. వరండాలో ఒక తడి అట్టపెట్టె, ఒక గిన్నెలో వెన్న, ఇంకో గిన్నెలో ఉడికిన మొక్కజొన్న గింజలు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాంట్లో ముక్కు పెట్టి పేరు చెప్పాలి. పిల్స్‌నర్‌లో ఉండకూడని వాసనలట అవన్నీ. నేను అట్టపెట్టెలో తలదూర్చి గట్టిగా ఊపిరి పీలుస్తుండగా పక్కింటావిడ గోడ మీంచి చూసింది. ఆ సాయంత్రమే మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, "అన్నయ్యగారి ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగిందట. ఇరుగుపొరుగుల్లో మన గురించి ఇంత శ్రద్ధ పుట్టించిన విద్య ఇంకోటి ఉందా?

అన్నిటికంటే గొప్ప మేలు చెప్పనే లేదు. గ్లాసు పరీక్ష!

గ్లాసును లోపల తడిపి ఉప్పు చల్లాలి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా అంటుకోకపోతే అక్కడ జిడ్డున్నట్టు. జిడ్డుంటే నురగ నిలవదట. నేను కడిగిన గ్లాసులో ఉప్పు అక్కడో పలుకు ఇక్కడో పలుకు అంటుకుంది. మా ఆవిడ ఆ గ్లాసు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"అయితే ఆదివారాలు మీరు కడిగే గిన్నెలన్నీ ఇలాగే ఉంటున్నాయా?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో గిన్నెలు, పళ్ళేలు, చివరికి మూతలు కూడా ఉప్పు పరీక్ష పాసయితేనే అరల్లోకి వెళ్తున్నాయి. ఫెయిలైనవన్నీ మళ్ళీ నా దగ్గరికే వస్తాయి. ఇంత శుభ్రమైన వంటిల్లు మా వీధిలోనే లేదు. గర్వంగా ఉండాలి కదా? ఉంది. ఏడుపు కూడా వస్తోంది.

ఇన్ని గండాలూ గడిచాక రుచి. ఎంతనుకున్నారు? చెంచాడు! ఆ చెంచాడూ నాలుక మీద అటూ ఇటూ తిప్పి, "ముందు తీపి, తర్వాత చేదు... మరి ముగింపు ఎలా ఉంది?" అంటాడు.

"ముగింపు ఉండాలంటే ముందు మొదలవ్వాలి కదరా!" అన్నాను.

వాడు వినలేదు. మిగిలిన బీరుని పక్కన పెట్టించాడు. వేడెక్కాక లోపాలు బయటపడతాయట. నిజమే. వేడెక్కింది, నురగ చచ్చింది, లోపాలన్నీ బారులు తీరాయి. మా ఆవిడ ఆ గ్లాసు తీసుకెళ్ళి బాల్కనీలో గులాబీ మొక్కకి పోసింది. ఇది ప్రతి వారమూ జరిగే తంతే. ఆ మొక్క ఏపుగా పెరిగి పిడికెడేసి పువ్వులు పూస్తోంది. శనివారం సాయంత్రం మా ఇంట్లో బీరు తాగేది అదొక్కటే.

కిందటి నెలలో ఒకరోజు నాకు ఇక ఓపిక చచ్చిపోయింది. "బీరొద్దు, ఏమీ వద్దు. దాహంతో పోతున్నాను, కాసిన్ని మంచినీళ్ళివ్వు," అన్నాను. మా ఆవిడ జాలిపడి చల్లటి నీళ్ళు తెచ్చింది. గ్లాసు పెదవుల దాకా వచ్చింది.

"ఆగు బావా! గ్లాసు అంచున బుడగలు అంటుకున్నాయి చూశావా? ఇది ఎవరు కడిగారు?"

కడిగింది నేనే. మళ్ళీ కడగడానికి లేచింది కూడా నేనే.

ఆ తర్వాతి శనివారం ఇంటికి ఫోన్ చేసి, పెళ్ళివారి బట్టలొచ్చాయి, ఆలస్యమవుతుందని చెప్పాను. షట్టర్ సగం దించాను. షాపు వెనక గదిలో, వేలాడే కోట్ల చాటున, ఐసు నింపిన బకెట్లో సీసా ఉంది. పొద్దున్నే మా ఫ్రిజ్‌లోంచి సంచిలో పెట్టి తెచ్చుకున్నాను. పక్కనే ఒక సొట్టపడ్డ స్టీలు గ్లాసు. గ్లాసులన్నిట్లోకీ ఉత్తమమైనది స్టీలు గ్లాసు! రంగు కనబడదు. తేటదనం కనబడదు. చెమట పట్టిన చల్లదనం మాత్రం చేతికి తెలుస్తుంది. మూత తీశాను.

"బావా, షట్టర్ సగం దించి ఏం చేస్తున్నావ్?"

కోట్లు పక్కకి జరిగి మధ్యలోంచి బావమరిది మొహం వచ్చింది. వాడు సీసా వైపు చూశాడు. గ్లాసు వైపు చూశాడు.

"ఇందులో రంగు కనబడదు కదా?" అన్నాడు మెల్లిగా.

"కనబడదు."

"నురగ?"

"నువ్వు తొంగి చూడకపోతే అదీ కనబడదు."

వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భుజానున్న సంచిలో చెయ్యి పెట్టాడు. ఉప్పు పొట్లం తీస్తాడేమోనని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి వాడి చేతిలో ఇంకో స్టీలు గ్లాసు! మా వంటింట్లోదే.

"ఫ్రిజ్‌లో సీసా లేదు. అర్థమైపోయింది. నాకూ పొయ్యి బావా. ఈ పరీక్షలు మొదలెట్టినప్పట్నుంచీ నేనూ చెంచాలతోనే గడుపుతున్నాను. ఒక్క గ్లాసు బీరు తాగిన పాపాన పోలేదు."

"మరి ఆ దిక్కుమాలిన కోర్సు నిన్నెవరు చెయ్యమన్నార్రా?"

"అక్క! పేరు రాయించింది కూడా అక్కే. 'మీ బావ పాపం ఏ బీరు పడితే ఆ బీరు తాగేస్తున్నారు, మంచిదేదో నువ్వు దగ్గరుండి నేర్పించరా' అంది."

మా ఆవిడ ఏనాడూ సాధించలేదు, అలగలేదు, ఒప్పందం మీరలేదు. ఇంట్లోకి ఒక సర్టిఫికెట్‌ని రానిచ్చింది, అంతే! వారానికి ఒక్క సీసాని సున్నా చేసేసింది. కోపం రావాల్సిన చోట దండం పెట్టాలనిపించింది.

బీరు పోశాను. గబుక్కున, తలకిందులుగా, నురగ పొంగి పొర్లి బల్లంతా తడిసేలా పోశాను. వాడు ఆగమనలేదు. ఇద్దరం ఒకేసారి ఎత్తాం. గొంతులో ఆ మొదటి గుటక దిగుతుంటే, స్టీమ్ ప్రెస్ ముందు నిలబడ్డ రోజులన్నీ నాకు మాఫీ అయిపోయాయి.

"ఎలా ఉందిరా?" అన్నాను, నోరు జారి.

వాడు కళ్ళు మూసుకున్నాడు. నాలుక అటూ ఇటూ కదిలింది. నాకు భయం పట్టుకుంది. ఇప్పుడు తడి అట్టపెట్టె అంటాడా, ముగింపు అంటాడా?

"చల్లగా ఉంది బావా," అన్నాడు.

కాబట్టి పాఠకులారా, నేను నా మాట మీదే ఉన్నాను. పరీక్ష వరమే! మీ ఇంట్లోనూ ఒక పరీక్షకుణ్ణి పెట్టుకోండి. అతను చెప్పినవన్నీ చెయ్యండి. గ్లాసులు కడగండి, అట్టపెట్టెలు వాసన చూడండి, ఎదురు మాట్లాడకండి. అతనికి దాహం వేసేదాకా ఓపిక పట్టండి.