గీతలున్న వేలు

రాష్ట్రంలో సలహా అందని మనిషి ఒక్కడు కూడా మిగలకూడదని సలహాల శాఖ మంత్రి భీమరాజుగారు సోమవారంనాడు ప్రతిజ్ఞ చేశారు. మంగళవారానికల్లా ఆ ప్రతిజ్ఞ మైకు కట్టుకుని, ఆటో ఎక్కి, ఆత్రేయపురం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది.

"పనిలో సలహా! వ్యాపారంలో సలహా! పన్నుల్లో సలహా! శనివారం రావులపాలెంలో సలహా మహోత్సవం! అక్కడికక్కడే జీఎస్టీ నెంబరు! భోజనం కలదు!"

భోజనం మాట చివర పెట్టడంలోనే మంత్రిగారి రాజకీయానుభవం తెలుస్తుంది. జనానికి చివరి మాటే గుర్తుంటుంది.

కాలవగట్టు మీద పూతరేకులు తీసే వీరవేణి మాత్రం దాని ముందు మాట పట్టుకుంది. హైదరాబాదులో ఓ పెద్ద మిఠాయి దుకాణం వాళ్ళు ఆమె రేకు రుచి చూసి, వారానికి ఐదొందల డబ్బాలు కావాలని కబురు పెట్టారు. ఒక్కటే షరతు. శనివారం సాయంత్రం అయిదింటిలోగా జీఎస్టీ నెంబరు పంపాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. ఆ ఆర్డరు వస్తే వీరవేణీ, తోటికోడలు సూర్యకళా, వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళూ ఏడాది పొడుగునా పొయ్యి ఆర్పక్కర్లేదు. పెళ్ళిళ్ళ సీజను ఎప్పుడొస్తుందా అని పంచాంగం చూసుకోనక్కర్లేదు.

శుక్రవారం పొద్దున్నే పార్టీ మండల కార్యదర్శి గణేష్‌బాబు గుమ్మంలో దిగాడు.

"వేణక్కా, నీ పంట పండింది. రేపు స్టేజి పక్కన లైవ్ కౌంటర్ నీదే."

"నాక్కావాల్సింది నెంబరు తమ్ముడూ. కౌంటరెందుకు?"

"మంత్రిగారు నీ రేకు నోట్లో పెట్టుకున్నారంటే నెంబరెంతసేపు! ఓ ఆరొందలు చుట్టి ఉంచు. నెయ్యి మాత్రం తగ్గించకు, పార్టీ పరువు."

"మరి ఆరొందలకీ ఎవరిస్తారు?"

"ఏంటక్కా ఆ మాట? వచ్చిన అతిథిని డబ్బులడుగుతారా మన గోదావరి జిల్లాల్లో?"

వీరవేణి వెళ్ళి ఆరొందలకీ బియ్యం నానబోసింది. గోదావరి జిల్లాల్లో ఆ మాట పడ్డాక ఎవరైనా నానబోస్తారు.

శనివారం షామియానా పక్కన ఇటుకలు పేర్చి, కుండ బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టింది. జావలా కలిపిన బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తే పొర మిగులుతుంది. ఆ పొరని వేళ్ళతో ఎత్తాలి. కుండ చల్లారితే రేకు రాదు. వేలు వెనకాడితే రేకు చిరుగుతుంది.

పదింటికి రావలసిన మంత్రిగారు దారిలో ఉన్నారని పదింటికి చెప్పారు, పన్నెండింటికీ చెప్పారు. ఈలోగా కిరణ్ అనే బిజినెస్ కోచ్‌ని స్టేజి ఎక్కించారు. ఆయన సాయంత్రం ఫ్లైట్ పెట్టుకుని మరీ హైదరాబాదు నించి దిగాడు.

"మేడమ్, మీ చేతులు లేకపోతే మీ వ్యాపారం నడుస్తుందా?" అని కుండ ముందున్న వీరవేణిని మైకులో అడిగాడు.

"నడవదండి."

"అదీ మీ తప్పు!" అన్నాడు కిరణ్ పరమానందంగా. "చెయ్యి పెట్టేవాడు కూలీ. పని చెప్పేవాడు యజమాని. డెలిగేట్ చెయ్యండి! వారానికో రోజు సెలవు తీసుకోండి! ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ కలపకండి!"

"రెండూ ఒకే డబ్బాలో ఉంటాయండి. ఉన్నది ఒకటే డబ్బా."

"అయితే ఇంకో డబ్బా కొనండి!"

చప్పట్లు మోగాయి. ఆ రోజు రాలిన సలహాలన్నింటిలో ఆచరణకి లొంగేది అదొక్కటే.

మూడున్నరకి వీరవేణి కుండ సూర్యకళకి అప్పగించి, నెంబర్లిచ్చే బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ప్రిస్కిల్లా అనే గుమాస్తా పొద్దున్నించీ ఒంటరిగా కూర్చుని ఉంది. జనమంతా భోజనాల వైపు ఉన్నారు.

"సరుకు ఎక్కడికి పంపుతారమ్మా?"

"హైదరాబాదండి."

"రాష్ట్రం దాటుతుంది కాబట్టి నెంబరు ఉండాల్సిందే. కాగితాలన్నీ బాగానే ఉన్నాయి. ఇక్కడ బొటనవేలు పెట్టండి."

నాలుగు గంటల ప్రసంగాల్లో దొరకనిది అర నిమిషంలో దొరికింది. వీరవేణి కొంగుతో తుడుచుకుని వేలు పెట్టింది. యంత్రంలో ఎర్రదీపం వెలిగింది. ఎడమచేతిది పెట్టింది. ఎరుపే. పది వేళ్ళూ అయిపోయాయి.

"మీ వేళ్ళకి గీతలు లేవమ్మా."

"ఉండేవండి. ముప్పయ్యేళ్ళ బట్టి రేకులు తీస్తున్నా కదా, కుండ తినేసింది."

"పోనీ, ఆధార్‌కిచ్చిన ఫోనుకి ఓటీపీ వస్తుందేమో?"

"ఆ నెంబరు మా ఆయనదండి. ఆయనతోటే పోయింది."

ప్రిస్కిల్లా గొంతు తగ్గించింది. "ఈ వేళ్ళు చూస్తే పని చేసేది మీరేనని నాకు తెలుస్తోందమ్మా. మీరు మీరేనని ఈ యంత్రానికి తెలియాలి. నన్నేం చెయ్యమంటారు?"

నాలుగైంది. వెనకనించి గణేష్‌బాబు దగ్గాడు.

"నా వేలుందిగా అక్కా. పేరు నాది, పని నీది."

"మరి లాభం?"

"మనది."

పదేళ్ళుగా ఫోను తెర మీద తప్ప ఎక్కడా ఆన్చని వేలు అది. వీరవేణి గడియారం వంక చూసింది. కుండ దగ్గర చెమటలు కక్కుతున్న సూర్యకళ వంక చూసింది.

"సరే, కానియ్యి. రేటు మాత్రం నేను చెప్పిందే."

గణేష్‌బాబు వేలు చాపేలోపు సైరన్ మోగింది. మంత్రిగారు రావడమే కుండ దగ్గరికి వచ్చి, నిలబడి మూడు రేకులు తిని, కళ్ళు మూసుకున్నారు. నాలుగో రేకు అందిస్తూ గణేష్‌బాబు, "మన పరిశ్రమేనండి. ఇవాళే రిజిస్టర్ చేయిస్తున్నా," అన్నాడు.

"శభాష్! యువ పారిశ్రామికవేత్త! ఏదీ, ఓ రేకు తీసి చూపించు. టీవీ వాళ్ళున్నారు."

"నేను మేనేజ్‌మెంటు వైపండి..."

"తియ్యవయ్యా, సిగ్గేంటి!"

"తమ్ముడూ, పొర అంచు పట్టి ఎత్తు. కుండకి ఆన్చకు," అని వీరవేణి చెబుతూనే ఉంది. అతను రెండు చేతులూ చాపి, ఫోను నొక్కినట్టు నొక్కాడు. తర్వాత పెట్టిన కేకని జనం నినాదమనుకుని జై కొట్టారు.

యంత్రం బొబ్బల్ని ఒప్పుకోలేదు. ఎర్రదీపం.

నాలుగూ నలభై. పి.ఏ. మంత్రిగారి చెవిలో అన్నాడు: "సార్, ఇవాళ ఇచ్చిన నెంబర్లు సున్నా. రాత్రి వార్తలకి ఒక్కటైనా ఉండాలి."

"ఇంతమందిలో గీతలున్న వేలే లేదా?" అన్నారు మంత్రిగారు బాధగా.

వెతికారు. కొబ్బరిపీచు తాళ్ళు పేనే ముసలయ్యని భోజనం మధ్యలోంచి లేపి తెచ్చారు. ఆయన వేలు గులకరాయిలా నున్నగా ఉంది. రేకులు తీసే మిగతా ఆడవాళ్ళ సంగతి అడగనే అక్కర్లేదు. కోచ్‌గారు ఫ్లైట్‌కి వెళ్ళిపోయారు.

మంత్రిగారు ఉంగరాలు సర్దుకుని ముందుకొచ్చారు. "ప్రజల కోసం ప్రాణమిస్తానన్నవాణ్ణి. వేలెంత?"

పెట్టీ పెట్టగానే పచ్చదీపం వెలిగింది.

"ఇంత స్పష్టమైన ముద్ర నా సర్వీసులో చూళ్ళేదండి," అంది ప్రిస్కిల్లా. తర్వాత నసిగింది. "కానీ మంత్రిగారు వ్యాపారం..."

"వ్యాపారం కాదమ్మా, సేవ."

అయిదుకి ఎనిమిది నిమిషాలుందనగా పత్రం బయటికొచ్చింది. యజమాని: భీమరాజు. చేసే పని: చేతితో పూతరేకుల తయారీ. నెంబరు హైదరాబాదు వెళ్ళింది, ఆర్డరు ఖాయమని జవాబొచ్చింది, డబ్బు యజమాని ఖాతాలోనే వేస్తామని కూడా వచ్చింది. మంత్రిగారు పత్రం ఎత్తి పట్టుకుని ఫొటో దిగారు. పక్కన గణేష్‌బాబు రెండు చేతులూ మంచినీళ్ళ బకెట్లో పెట్టుకుని నవ్వాడు.

వీరవేణి ఆ పత్రం పైనించి కిందిదాకా చదువుకుంది. చేతులు కొంగుకి తుడుచుకుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని పీటమీదికి పిలిచినట్టు నవ్వింది.

"అయ్యగారూ, మా పనిలో ఓ మర్యాదుందండి. కొత్త యజమాని మొదటి రేకు సొంత చేత్తో తియ్యాలండి. లేకపోతే పొయ్యి కలిసిరాదు. కుండ మంచి వేడి మీదుంది, దయచేయండి."

"తియ్యాలి! అయ్యగారు తియ్యాలి!" అని భోజనాల వైపు నించి జనం లేచారు. కెమెరాలు కుండ వైపు తిరిగాయి.

మంత్రిగారు నవ్వుతూ అందరికీ నమస్కారం పెట్టబోయి, మధ్యలో ఆగి, బొటనవేళ్ళు రెండూ గుప్పిళ్ళలో దాచుకున్నారు. అది పార్టీ కొత్త గుర్తు కాబోలని జనం కూడా గుప్పిళ్ళెత్తారు.

సూర్యకళ కుండ కిందకి ఇంకో రెండు కొబ్బరాకులు ఎగదోసింది.