సుల్తానా సంజాయిషీ ఇవ్వలేదు

"ఈ గోదాములో పాత ప్రభుత్వపు నీడ కూడా మిగలరాదు. సిబ్బంది యావన్మందీ పదిహేను రోజుల్లో తమ విధేయతను రుజువు చేసుకోవలెను."

పోలీస్ యాక్షన్ అయిన రెండు నెలలకు, సికింద్రాబాదు రెజిమెంటల్ బజార్‌లోని ధాన్యం గోదాము గోడ మీద ఈ నోటీసు వెలిసింది. అంటించినవారు స్పెషల్ ఆఫీసర్ పరాంకుశంగారు. మద్రాసు నుంచి వచ్చారు. ఇంగ్లీషులో దిట్ట. ఉర్దూ ఒక్క ముక్క రాదు. రాకపోవడమే వారి నిష్పాక్షికతకు నిదర్శనమని మావారు నాతో అన్నారు.

మావారు ఆ ఆఫీసులో టైపిస్టు. మాకు పెళ్లయి అప్పటికి నలభై రోజులు. సాయంత్రం ఆయన ఒక చేత్తో చామంతులు, ఇంకో చేత్తో ఫైళ్లు పట్టుకొచ్చేవారు. నాకు రెండూ ఒకేలా పరిమళించేవి. అందుకే ఈ గొప్ప పరిపాలన గురించి పత్రికకు రాయగలుగుతున్నాను.

గోదాము రిజిస్టరులో చౌకీదారు మౌలా అలీ పేరు కింద మరో ఏడు పేర్లున్నాయి. సుల్తానా, చమ్కీ, షంషీర్, ఇలాగ. ఒక్కొక్కరికీ రోజూ పావు సేరు పాలు మంజూరు. ఉర్దూలోంచి తర్జుమా చేసిన గుమాస్తా పేర్లు రాశాడు గాని, వీళ్లెవరో రాయలేదు. దానికి కాలమ్ లేదు.

"నౌకర్లకు పాలా! ఎంత విలాసం!" అని పరాంకుశంగారు ఏడుగురికీ విడివిడిగా సంజాయిషీ నోటీసులిచ్చారు. "రజాకార్ల రోజుల్లో నీవెచ్చట నుంటివి? రాత్రులయందు ఎందులకు సంచరించుచుంటివి?"

టైపు చేసింది మావారే. ఆ పూట నన్నే తలుచుకుంటూ కూర్చోవడం వల్ల ఏమీ గమనించలేదట. నాకెంత సంతోషం వేసిందో!

మర్నాడు మౌలా అలీ కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"సర్కార్, గిది సుల్తానాకొచ్చిన కాయితం. దానికి సదువు రాదు."

"చదువు రాకపోవడం సాకు కాదు. వేలిముద్ర వేయమను."

"ఏలు లేదు సర్కార్. పంజా ఉన్నది. అది పిల్లి."

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తక్కినవాళ్లు?"

"ఏడుకేడు పిల్లులే. ఎలుకల కోసమని ఎన్కటి సాబులు పెట్టిన్రు."

ఇంకొకరైతే నోటీసులు చించేసేవారు. పరాంకుశంగారు అంత బలహీనులు కారు. "నకళ్లు పై ఆఫీసుకు వెళ్లిపోయాయి. ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకుంటే గవర్నమెంటు నిలుస్తుందా?"

గడువు ముగిసింది. ఏడుగురిలో ఒక్కరూ జవాబివ్వలేదు. ఏడుగురినీ డిస్మిస్ చేశారు. వారితో సన్నిహితంగా మెలిగినందుకు మౌలా అలీని కూడా.

"ఇరవై రెండేండ్ల నౌకరి సర్కార్. ఇంట్ల పొయ్యి ఎట్ల ముట్టియ్యాలె?"

"అర్జీ పెట్టుకో."

పిల్లుల్ని గోనెసంచిలో కట్టి మోండా మార్కెట్ చేపల దుకాణాల దగ్గర వదిలిపెట్టమని హుకుం అయింది.

నేను కాలేజీలో జీవశాస్త్రం చదివాను. ఒక ఎలుకల జంట మూడు వారాల్లో ఎనిమిది పిల్లల్ని పెట్టగలదు, ఆ పిల్లలు మూడు నెలల్లో మళ్లీ పిల్లల్ని పెడతాయి, తిండి ఉండి శత్రువు లేకపోతే దీనికి అంతుండదు, అని మావారికి చెప్పాను. "మరి మన సంగతో?" అన్నారాయన. శాస్త్రచర్చ అక్కడితో ఆగిపోయింది.

ఫిబ్రవరికి గోదాములో బస్తాలు వాటంతటవే కదలసాగాయి. పరాంకుశంగారు తక్షణం ఎలుకల బ్రాంచి స్థాపించారు. ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు లెక్కింపుదార్లు, ఒక బంట్రోతు. ఎలుకలు రెట్టింపయ్యాయి. బ్రాంచి కూడా రెట్టింపయింది. గోడకు పెద్ద గ్రాఫు కట్టారు. ఎలుకలకు ఎర్రగీత, సిబ్బందికి నీలిగీత. రెండూ చెట్టాపట్టాలేసుకుని పైకి పోతుంటే, చూడవచ్చిన పెద్దలు ముచ్చటపడ్డారు.

రేషను షాపులో మొదట బియ్యంతోపాటు ఎలుక పెంటికలు ఇచ్చారు. తర్వాత బియ్యం ఇవ్వడం మానేశారు. నేను జొన్నరొట్టె నేర్చుకున్నాను. అది ముక్కలైనా, మావారు ఒక్కో ముక్కనూ విడివిడిగా మెచ్చుకున్నారు.

మే నెలలో ఎర్రగీత దబ్బున కింద పడింది. లెక్కింపుదార్లు గోదామంతా వెతికారు. ఒక్క ఎలుక కూడా లేదు. "నిర్మూలన సంపూర్ణం" అని పరాంకుశంగారు తంతి కొట్టారు. గోదాములో గింజ కూడా లేదన్నది వేరే బ్రాంచికి సంబంధించిన విషయం. వారిని ప్రమోషను మీద మల్కాజ్‌గిరి కొత్త గోదాముకు వేశారు. అది ఇంకా పెద్దది, నిండుగా ఉంది.

వీడ్కోలు టీపార్టీ వారింట్లోనే. పరాంకుశంగారి భార్య శ్యామలమ్మగారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లారు. గోడవారగా నాలుగు బియ్యం బస్తాలు. ఒక్కదానికీ చిల్లు లేదు.

"మీ ఇంట్లో ఎలకలు లేవాండీ?" అన్నాను.

"ఈ మహాతల్లి ఉండగా ఎలకలేమిటమ్మా! ఆ రోజే ఆయన సంచి విప్పించి, ఏరి మరీ తెచ్చారు."

మూలన వెండిగిన్నెలో బూడిదరంగు పిల్లి పాలు తాగుతోంది.

మౌలా అలీ ఏడో అర్జీ పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి చూశాడు.

"సుల్తానా," అన్నాడు మెల్లగా.

పిల్లి పాలు వదిలేసి, అతిథుల కాళ్ల మధ్య నుంచి దూసుకెళ్లి, అతని పాదాలకు ఒళ్లు రాసుకుంది. పరాంకుశంగారు వరండాలోకి వెళ్లి, అర్జీ అందుకుని, పెన్ను తీశారు. నా కళ్లు చెమర్చాయి. మావారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

వారు రాసింది మావారే ఆ తర్వాత టైపు చేశారు: "ఎలుకలు లేనందున పిల్లులు అనవసరం. పిల్లులు లేనందున వాటి కాపరి అనవసరం. అర్జీ తిరస్కరించడమైనది."

సంతకం పెట్టి, కాగితం అతనికి తిరిగిచ్చి, వంగి, సుల్తానాను చంకనెత్తుకున్నారు.

మౌలా అలీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాలల్ల జెర నీళ్లు కలపమనున్రి సర్కార్," అన్నాడు. "చిక్కటియి దానికి పడయి."