నిశ్శబ్ద గది ప్రారంభోత్సవం

ఆటిజం పిల్లల కోసం రాష్ట్రంలోనే మొట్టమొదటి నిశ్శబ్ద జీవశాస్త్ర తరగతి గదిని ఎమ్మెల్యే రాఘవేందర్ గారు గురువారం ప్రారంభిస్తారని మూడు ఆటోలు మైకులు కట్టుకుని అయిజ చుట్టుపక్కల ఊళ్లన్నిటా చాటాయి. ఆ పిల్లలకు చప్పుడు పడదన్న సంగతి కూడా ఆ మైకుల్లోనే చెప్పారు. దాంతో ఆ సంగతి తెలియనివాళ్లు లేకుండా పోయారు.

నిజానికి గది పాతదే. బడి వంటగది వెనకున్న సామాన్ల కొట్టును జీవశాస్త్రం టీచర్ యాస్మిన్ రెండేళ్ల కిందట తనే ఊడ్చి, గోడలకు అట్టలు, గోనెసంచులు కొట్టి, అందులో నలుగురు పిల్లలకు పాఠం చెబుతోంది. వాళ్లలో ఒకతి తొమ్మిదో తరగతి నిరోష. పెద్ద తరగతిలో గంట మోగితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరే పిల్ల, ఈ గదిలో పువ్వు భాగాలన్నీ ఒక్కటి తప్పకుండా చెబుతుంది. ఈ గది లేకపోతే తల్లి నాగేంద్రమ్మ ఆమెను విత్తనపత్తి చేలో క్రాసింగ్ కూలికి తీసుకుపోతుంది. అది తలచుకుంటే యాస్మిన్‌కు అన్నం సహించదు.

క్రాసింగ్ అంటే ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వుకు చేత్తో రుద్దడం. తల్లి దగ్గర చూసిన ఆ పనిని నిరోష గదిలోని కుండీలో చేసి చూపించింది. నాలుగు పువ్వుల్లో దేనికి రుద్దిందో తెలియడానికి ఎర్రదారం కట్టింది. రోజూ పరిశీలన పుస్తకంలో టైము వేసి, ఏం చూసిందో, ఏం విన్నదో రాస్తుంది.

ఏర్పాట్లు చూడటానికి మండల విద్యాధికారి బాలస్వామి వచ్చాడు.

"సార్, డప్పులు, పటాకులు వద్దు సార్. గంతే అడుగుతున్న. పిల్లలు పరేషానైతరు" అంది యాస్మిన్.

"అరె మేడం, సప్పుడు లేకుంట వస్తే ఎమ్మెల్యే సాబ్ వచ్చిండని ఎట్ల తెలుస్తది?"

"వచ్చినంక కనవడ్తడు గద సార్."

బాలస్వామి ఆమె వైపు జాలిగా చూశాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అంత అమాయకురాలిని చూడలేదు. అయినా పిల్లల మేలు కోరి ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. డప్పులు ఉంటాయి. కాకపోతే నిశ్శబ్దం గొప్పతనం మీద ఎనిమిది మంది ప్రసంగిస్తారు.

ఎనిమిది మందీ ప్రసంగించారు. మైకు రెండుసార్లు ఈల వేసింది. యాస్మిన్ పిల్లల చెవుల్లో దూది పెట్టి, తలుపు మూసుకుని లోపలే కూర్చుంది.

ఆ తర్వాత ఎమ్మెల్యే గారు గది ముందుకొచ్చి చెయ్యి చాపారు. కత్తెర వచ్చింది. రిబ్బన్ రాలేదు. కత్తెర తెచ్చినవాడికి రిబ్బన్ సంగతి ఎవరూ చెప్పలేదు. బాలస్వామి జేబులు తడుముకున్నాడు. కానీ చేతికొచ్చిన కత్తెరను ఊరికే తిప్పి పంపే నాయకుడు కాదు రాఘవేందర్ గారు. తలుపు తీయించి లోపలికి అడుగుపెట్టారు. కుండీ, ఎర్రదారం కనిపించాయి. కత్తిరించారు. చప్పట్లు మోగాయి.

"అది దారం. రిబ్బన్ కాదు. క్రాసింగ్ అయిన పువ్వు. దారం తియ్యొద్దు" అంది నిరోష.

"బిడ్డ ఎంత హుషారున్నదో సూడు!" అని ఆయన తల నిమరబోయారు. నిరోష బల్ల కిందికి దూరింది.

"దండం పెడ్తున్నది సార్" అని బాలస్వామి వివరించాడు.

బయట డప్పులు ఆగకపోయేసరికి ఎమ్మెల్యే గారే తలుపు మూయించి కుర్చీలో కూర్చున్నారు. లోపలికి చప్పుడు రావడం ఆగిపోయింది. ఫోన్లో సిగ్నల్ కూడా లేదు.

"ఎన్నేండ్లయిందయ్యా, గిట్ల నిమ్మలంగ కూసోని" అంటూ అక్కడే కునుకు తీశారు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. గదిపై ఎమ్మెల్యే గారికున్న ప్రత్యేక శ్రద్ధ దృష్ట్యా, పర్యటనల్లో ఆయన విశ్రాంతికి దాన్ని కేటాయించారు. పిల్లలు సమాజంలో కలిసిపోవాలన్న ఉన్నతాశయంతో వాళ్లను వరండాలోకి, బడి గంట కిందికి మార్చారు. తలుపు మీద యాస్మిన్ రాసిన 'దయచేసి నెమ్మదిగా మాట్లాడండి' బోర్డును మాత్రం గౌరవంగా అలాగే ఉంచారు. కుండీ లోపలే ఉండిపోయింది.

"సద్వు అయిపోయినట్టేనా మేడం?" అని నాగేంద్రమ్మ అడిగింది.

"జర ఆగు నాగేంద్రమ్మా. రేపు ఎమ్మెల్యే సార్ వస్తడంట. నువ్వే ఒక మాట అడుగు."

బుధవారం పొద్దున యాస్మిన్ వరండాలో నిరోష పరిశీలన పుస్తకం తెరిచింది. నిన్నటి పేజీ నిండా రాసి ఉంది.

'మంగళవారం. 2.10. కిటికీలోంచి చూశాను. దారం లేదు. ఏ పువ్వో తెలియలేదు. గదిలో కొత్త జీవి ఉంది. పడుకుంది. 2.30. గంట మోగింది. ప్రతిస్పందన లేదు. 2.40. అమ్మ కిటికీ దగ్గర "సారూ, నా బిడ్డ సద్వు" అని మూడుసార్లు పిలిచింది. ప్రతిస్పందన లేదు. 2.55. కెమెరా వచ్చింది. జీవి లేచింది. దండం పెట్టింది.'

యాస్మిన్ ఎర్రపెన్ను పట్టుకుని తప్పుల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. పదికి పది వేసి, ఇంకా బడికి రాని నిరోషకు చూపిద్దామని గేటు దాకా వచ్చింది. రోడ్డు మీద క్రాసింగ్ కూలీల ఆటో పాటలు పెట్టుకుని పోతోంది. వెనక సీట్లో, తల్లి పక్కన, నిరోష రెండు చెవులూ మూసుకుని కూర్చుంది.