పదకొండు పేజీల ఉపశమనం

"ఈ క్షణం నుంచి హోంవర్క్ అనే భూతం ఏ పసివాడి ఇంటి గడపా తొక్కదు" అని విద్యాశాఖ మంత్రిగారు ఆదివారం ఉదయం నిండు సభలో ప్రకటించారు. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఇకపై వారానికి ఒక్కటే లెక్క. దాన్ని సోమవారం నుంచి గురువారం దాకా, రోజుకు పది నిమిషాల చొప్పున, ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుతూ చెయ్యాలి. శుక్రవారం బడిలో అప్పజెప్పాలి. పదకొండో నిమిషం చదివిస్తే దాన్ని పిల్లల మీద దౌర్జన్యంగా పరిగణిస్తామని మంత్రిగారు బల్ల గుద్ది చెప్పారు. బల్ల కూడా ఒప్పుకున్నట్టే మోగింది.

టీవీలో ఈ మాట విని మనవరాలు మంచం మీద ఎగిరి గంతులేసింది. అమ్మమ్మ మాత్రం కళ్లజోడు తుడుచుకుని, "పది నిమిషాలే చేశామని వాళ్లకెలా తెలుస్తుందిట?" అని అడిగింది. ఆవిడ ఒక పెద్ద కార్యాలయంలో రికార్డుల గదిలో ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ఆవిణ్ణి ఫైలమ్మ అంటారు. ఆవిడకు అనుమానం వచ్చిందంటే ఎక్కడో ఒక ఫారం అచ్చవుతోందని అర్థం.

సోమవారం మనవరాలి సంచిలో ఫారం వచ్చింది. పేరు వారపు ఉపశమన పత్రం. పదకొండు పేజీలు. పిల్లకు భారం తగ్గిందని ఇంటివాళ్లు రుజువు చెయ్యాలి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, మధ్యలో నిట్టూర్పులు ఎన్ని, వాటికి కారణం. హోంవర్క్‌కు ముందు చిరునవ్వు వెడల్పు, తర్వాత చిరునవ్వు వెడల్పు, తేడా ఉంటే సంజాయిషీ. పది నిమిషాల కంటే ఎక్కువైతే ఒక ఉత్తరం, తక్కువైతే రెండు. పత్రం నింపని ఇళ్ల పిల్లలకు ఉపశమనం అందలేదని భావించి, వాళ్లను శనివారం ఉపశమన శిబిరానికి తీసుకువెళ్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా హోంవర్క్ చేయిస్తారు.

ప్రభుత్వం ఇంత లోతుగా ఆలోచిస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఆ ఇంటి ముందుగదే ఫైలమ్మ కూతురి టైలరింగ్ షాపు. కుట్టుమిషను పక్కన చిన్న బల్ల మీద మనవరాలు కూర్చుంది. పత్రం ప్రకారం ఒకరు సమయం చూడాలి, ఒకరు ప్రోత్సహించాలి, ఒకరు సాక్షిగా ఉండాలి. సాక్షి బంధువు కాకూడదు. కూతురు మెళ్లో టేపుతో పిల్ల చిరునవ్వు కొలిచి, "ఐదున్నర. కదలకే, మళ్లీ కొలవాలి" అంది. చొక్కా చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ప్లంబరును సాక్షిగా కూర్చోబెట్టారు. బస్సు డ్రైవరైన అల్లుడు డ్యూటీ దిగి, యూనిఫాం కూడా విప్పకుండా పిల్ల వెనక నిలబడి ప్రోత్సహించడం మొదలుపెట్టాడు.

"పోనీ, పోనీ! ఇంకా పోనీ! రైట్ రైట్!"

"నాన్నా, నాకు లెక్క మర్చిపోయేలా ఉంది."

"అత్తయ్యగారూ, ఇది నిట్టూర్పా? రాసుకోవాలా?"

"మాట్లాడకండి బాబూ. టైమవుతోంది."

అసలు చిక్కు ఆ పిల్ల తీసివేతలతోనే ఉంది. పై అంకె చిన్నదై కింది అంకె పెద్దదైతే, పిల్ల ఏమాత్రం మొహమాటం లేకుండా కిందిదాన్నుంచి పైదాన్ని తీసేస్తుంది. రెండులోంచి ఏడు పోదని ఎన్నిసార్లు చెప్పినా, "అయితే ఏడులోంచి రెండు పోతుందిగా" అని ఊరుకుంటుంది. నెలాఖరు శుక్రవారం పరీక్ష ఉందనీ, అప్పటికి తీసివేతలు రానివాళ్లను మళ్లీ రెండో తరగతిలో కూర్చోబెడతారనీ మూడో తరగతి పంతులమ్మ ముందే కబురు పెట్టింది. పిల్ల పక్కకు తిరిగి ఏడ్చింది. అమ్మమ్మ ప్రాణం విలవిల్లాడింది. ఇదివరకు రోజూ సాయంత్రం గంటసేపు దగ్గర కూర్చోబెట్టుకునే మనిషి. ఇప్పుడు గుండీల పెట్టె తెచ్చి విప్పేలోపే పది నిమిషాలు అయిపోతున్నాయి. ఆ తర్వాత ఆవిడ చెయ్యవలసింది పత్రం.

మొదటి రెండు వారాలు ఆవిడ పత్రాన్ని ఏ రోజుకారోజు నింపింది. మూడోవారం పాత అలవాటు మేలుకుంది. రికార్డుల గదిలో ఏ పనినీ జరిగాక రాసిన పాపాన ఎవరూ పోలేదు. జరగబోయేదాన్ని ముందే రాసి సంతకాలు చేయించి కట్టలు కట్టేస్తే, తర్వాత అది దానంతటదే జరిగినట్టు అయిపోయేది. ఆ లెక్కనే ఫైలమ్మ సోమవారం పొద్దున కూర్చుని గురువారం దాకా ఇంకుల రంగు మార్చి మార్చి నింపేసింది. నిట్టూర్పులు సోమవారం మూడు, మంగళవారం రెండు, బుధవారం ఒకటి.

ప్లంబరు అది చూసి నోరు వెళ్లబెట్టాడు. "అమ్మా, మావాడిది కూడా కాస్త..." అని తల గోక్కున్నాడు. మర్నాటికి బేకరీ ఆయన, ఆ మర్నాటికి నర్సమ్మ, వారం తిరిగేసరికి వీధిలో ఉన్న నలభై మూడు ఇళ్లూ కుట్టుమిషను ముందు వరసకట్టాయి. చొక్కాలు కుట్టించుకునేవాళ్లకు నిలబడడానికి చోటు లేదు. ఫైలమ్మకు పదేళ్ల వయసు తగ్గింది. అడిగినవాళ్లకల్లా పాఠం చెప్పేది.

"అందరివీ నూటికి నూరు ఉండకూడదు. తనిఖీ వస్తుంది. ప్లంబరుగారింట్లో బుధవారం పన్నెండు నిమిషాలు పట్టినట్టు రాశాను. సంజాయిషీలో కుళాయి పగిలిందని పెట్టాను."

"మా ఇంట్లో కుళాయి బాగానే ఉందమ్మా."

"బుధవారం దాకా ఆగు నాయనా."

బుధవారం అతను తనే కుళాయి విరగ్గొట్టి వచ్చాడు. పత్రం అబద్ధం కాకూడదని అతని పట్టుదల.

ఇంత ఉపశమనం ఒకే వీధిలో పొంగి పొర్లుతుంటే పైవాళ్లు చూడకుండా ఉంటారా? విద్యాశాఖ డైరెక్టరుగారు స్వయంగా వచ్చి వీధికి ఆదర్శ వీధి అని బోర్డు తగిలించారు. గురువారం సాయంత్రం మంత్రిగారే వచ్చి, పది నిమిషాల హోంవర్క్ కళ్లారా చూస్తారని చెప్పారు. చూడబోయే ఇల్లు ఫైలమ్మది. ఆ మర్నాడే నెలాఖరు పరీక్ష. ఆ వారం లెక్క యాభై రెండులోంచి పదిహేడు తీసివెయ్యడం.

ఆ వారం పత్రం ఫైలమ్మ సోమవారమే నింపింది. జవాబు పిల్ల సొంతంగా రాసినదే అయి ఉండాలని నిబంధన. ఆవిడ నిబంధన తప్పే మనిషి కాదు. గురువారం తన మనవరాలు ఏం రాస్తుందో నిజాయితీగా అంచనా వేసి, నలభై ఐదు అని రాసింది. రాస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నలభై రెండు ఇళ్ల పత్రాలు ఎదురుగా ఉండడంతో ముందుకు పోయింది.

గురువారం మంత్రిగారు వచ్చారు. మంత్రిగారిని చూడడమే ఒక చదువు. ముందుగదిలో కుట్టుమిషను, కొలబద్ద, పదిమంది అధికారులు, ముగ్గురు ఫోటోగ్రాఫర్లు, సగం కుట్టిన ప్యాంట్లు. కిటికీలోంచి వెలుతురు తగ్గేలోపు సంతకం ఫోటో తీసెయ్యాలని ఫోటోగ్రాఫర్లు తొందరపెట్టారు. మంత్రిగారు మొదలుకాని హోంవర్క్‌కు చివరి పేజీలో, "కళ్లారా చూసి సంతోషించాను" అని రాసి సంతకం చేశారు. తర్వాత చూడడానికి కూర్చున్నారు.

డైరెక్టరుగారు విజిల్ ఊదారు. పిల్ల పలక తీసుకుంది. అల్లుడు మంత్రిగారి ముందు "రైట్ రైట్" అనడానికి సిగ్గుపడి, గుసగుసగా అన్నాడు. పిల్ల ఏడులోంచి రెండు తీసి ఐదు వేసింది. అక్కడ ఆగింది. పంతులమ్మ గుమ్మం దగ్గర నిలబడి తన చీర కొంగు నలుపుకుంటోంది. పిల్ల ఆవిడ ముఖం చూసింది, ఐదు చెరిపేసింది, మళ్లీ వేసింది, మళ్లీ చెరిపేసింది. కళ్లల్లో నీళ్లు. విజిల్ మోగింది.

"శభాష్! పది నిమిషాలు!" అని డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు.

"జవాబు రాలేదు కదండీ" అంది ఫైలమ్మ.

"జవాబు వచ్చిందా లేదా అనే గడి మన పత్రంలో లేదమ్మా. ఏం రాసిందనే గడి మాత్రమే ఉంది. లేవండి."

ఫైలమ్మ లేవలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలలో పైఅధికారి లేవమంటే లేవకపోవడం ఆవిడకు అదే మొదలు. పిల్లకు రేపు పరీక్ష. ఆవిడ గుండీల పెట్టె ఒళ్లోకి లాక్కుంది. కూతురు గుండీల్ని పదేసి చొప్పున దారానికి గుచ్చి పెడుతుంది. ఫైలమ్మ ఐదు దండలు, రెండు విడి గుండీలు బల్ల మీద పెట్టింది.

"యాభై రెండు. నాకు పదిహేడు ఇయ్యవే."

పిల్ల ఒక దండ ఇచ్చింది. విడి గుండీలు రెండూ ఇచ్చింది. "ఇంకా ఐదు కావాలి. విడివి లేవమ్మమ్మా."

"పదకొండో నిమిషం!" అన్నారు డైరెక్టరుగారు పాలిపోయి.

"లేకపోతే ఏం చేస్తావు?"

పిల్ల దండలకేసి చూసింది. అమ్మకేసి భయంగా చూసింది. "ఒక దండ తెంచనా?"

"తెంచెయ్!" అని అరిచింది కూతురు.

గుండీలు గదంతా దొర్లాయి. ఒకటి మంత్రిగారి చెప్పుల కిందికి పోయింది. మంత్రిగారు వంగి తీసి ఇచ్చారు. ఆయన అలాగే మోకాళ్ల మీద కూర్చున్నారు. పిల్ల ఐదు లెక్కపెట్టి అమ్మమ్మ చేతిలో పోసి, మిగిలినవి చూసుకుని, "మూడు దండలు, ఐదు గుండీలు! ముప్పై ఐదు! అమ్మమ్మా, ముప్పై ఐదే!" అని గాల్లోకి ఎగిరింది. అల్లుడు "రైట్ రైట్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. పంతులమ్మ చప్పట్లు కొట్టింది. ఫైలమ్మ పిల్లను వాటేసుకుని నిస్సిగ్గుగా ఏడ్చింది.

"ఓహో, దండ తెంచాలన్నమాట!" అన్నారు మంత్రిగారు మెరిసే కళ్లతో. "నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు."

డైరెక్టరుగారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారు లేచి మోకాళ్లు దులుపుకున్నారు.

"పత్రంలో నలభై ఐదని ఉందా?"

"ఉందండి."

"కింద నా సంతకం ఉందా?"

"ఉందండి. ఫోటో కూడా పేపర్లకు వెళ్లిపోయిందండి."

మంత్రిగారు పిల్ల తల నిమిరారు. "అయితే నలభై ఐదే" అని, తర్వాతి కార్యక్రమానికి బయల్దేరారు.

శుక్రవారం బడి గంట కొట్టకముందే అన్ని పాఠశాలలకూ సర్క్యులర్ అందింది. సాయంత్రం ఫైలమ్మ గుమ్మంలోనే కాచుకుని కూర్చుంది. మనవరాలు సంచి ఊపుకుంటూ పరుగున వచ్చింది.

"పరీక్షలో ఏం లెక్క ఇచ్చారే?"

"అదే. యాభై రెండులోంచి పదిహేడు."

"ఏం రాశావు?"

"నలభై ఐదు."

"అయ్యో, దండ తెంచడం మర్చిపోయావా తల్లీ?"

"మర్చిపోలేదు. ముప్పై ఐదని నాకు తెలుసు. కాగితం మీద నలభై ఐదు రాయాలి కదమ్మమ్మా. అందరం ప్యాసే. పంతులమ్మే, పాపం, బోర్డు మీద ముప్పై ఐదు వేసింది. డైరెక్టరుగారు వచ్చి ఆవిణ్ణి రెండో తరగతికి పంపేశారు." పిల్ల సంచి దించి, జాలిగా తల ఆడించింది. "ఆవిడకు తెలీదు. నువ్వు ఆఫీసులో ఇలాగే రాసేదానివి కదూ?"

ఫైలమ్మ లోపలికి వెళ్లి పిల్లకు పాలు కలిపి తెచ్చింది.