కొప్పులో వచ్చిన మగపువ్వు

నాగరికత ఎక్కడ మొదలైందో పండితులు ఇంకా తేల్చుకోలేదు గానీ, అది ఎక్కడికి వచ్చి సంపూర్ణమైందో చెప్పడానికి సందేహమేమీ అక్కర్లేదు. బెంగళూరులో, హూడిలో, హరితవైభవ అపార్ట్‌మెంట్స్‌లో. అక్కడ యాప్‌లో అనుమతి లేకుండా ఏదీ లోపలికి రాదు, ఏదీ బయటికి పోదు, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు కదలదు. (గాలికి మినహాయింపు ఉంది. అది తాత్కాలికమేనని నిబంధనావళి చివర చిన్న అక్షరాల్లో రాశారు.)

'ఏ' బ్లాకులో ఉండే గురుమూర్తికి ఈ పద్ధతి మీద మనస్ఫూర్తిగా గౌరవం. హొసకోటె దగ్గర పల్లెలో, వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. స్కాలర్‌షిప్పూ, హాస్టల్లో సీటూ, ఉద్యోగమూ, అతనికి జీవితంలో దక్కినవన్నీ అర్జీ సరిగ్గా నింపినందుకే దక్కాయి. నిజం రాయాలి, గడి దాటకుండా రాయాలి, రశీదు దాచుకోవాలి. అతని మతం అంతే.

అలాంటి ఇంటికి వాళ్ళమ్మ భాగీరథమ్మ మోకాళ్ళ వైద్యానికని వచ్చింది. వస్తూ వస్తూ కొంగున ముడేసుకుని నాలుగు బీర గింజలు తెచ్చింది. ఊళ్ళో పొలాల్లో గోడౌన్లు లేచాక ఆ రకం బీర ఇంకెవరి పెరట్లోనూ మిగల్లేదు. కాయ పొట్టిగా ఉంటుంది, చాళ్ళు లోతుగా ఉంటాయి, చేదన్నది ఎరగదు. నాలుగింటిలో రెండు మొలవలేదు. మొలిచిన వాటిలో ఒకటి గురుమూర్తి బాల్కనీలో గ్రోబ్యాగ్ సంచిలోకి, ఇంకొకటి 'బి' బ్లాకులో ఉండే అతని ఆఫీసు స్నేహితురాలు సమీనా ఇంటికి చేరాయి.

"ఒక్క కాయ నిలిస్తే విత్తనానికి. రెండు నిలిస్తే కూరకు," అని భాగీరథమ్మ తీగ పాకకముందే పంపకం చేసేసింది. "ఒక్కటీ నిలవకపోతే ఇంతటితో సరి. మీ నాయినకు ఫోన్ చేసి చెప్తా, మన బీర అయిపోయిందని."

గురుమూర్తి ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు, పేడ ఎరువు కలిపాడు. మధ్యాహ్నపు ఎండకు సంచి కాగిపోతోందని దాని చుట్టూ తడి గోనెపట్టా కట్టాడు. కుండీల్లో కూరగాయలకు నివాసుల సంఘం అనుమతి ఉంది. అయితే తనిఖీ నాటికి సంచిలో కూరగాయ కనిపించి తీరాలి. కనిపించకపోతే అది అలంకరణ కింద లెక్క, అలంకరణకు వేరే అనుమతి కావాలి, ఆ అనుమతి ప్రస్తుతం ఎవరికీ ఇవ్వడం లేదు.

తీగ బాగానే పాకింది. పూత కూడా వచ్చింది. బీరకు మగపువ్వులు పొడవాటి కాడకు గుత్తిగా పూస్తాయి. ఆ కాడ వెలుతురు వెతుక్కుంటూ రెయిలింగ్ దాటింది. రెయిలింగ్ దాటిన దేన్నయినా కత్తిరించే అధికారం ముఖభాగ ఏకరూపతా ఉపసంఘానిది. వాళ్ళు కింద నుంచే పొడుగు కర్ర కత్తెరతో పని ముగించి, ముందు ఫొటో, తర్వాత ఫొటో యాప్‌లో పెట్టారు. కొత్త కాడ వచ్చినప్పుడల్లా మళ్ళీ వచ్చారు. ఆడపువ్వులు మాత్రం కాండాన్ని అంటిపెట్టుకుని, గ్రిల్లు లోపలే, నిబంధనల ప్రకారం పూశాయి.

ఇక తేనెటీగలు. వాటర్ ట్యాంకు కింద వాటి పట్టు ఒకటి ఉండేది. అవి ఏ ఫ్లాటుకు అతిథులో చెప్పుకోలేకపోయినందున మందు కొట్టించి పంపేశారు.

కాబట్టి రోజూ సాయంత్రం ఒక ఆడపువ్వు విచ్చుకునేది. రెండు రోజులకు దాని కింది పిందె పసుపుబారి రాలేది. రాలిన పిందెను భాగీరథమ్మ అరచేతిలో పెట్టుకుని చూసుకునేది. అదే గురుమూర్తికి కష్టంగా ఉండేది.

ఆ వారంలోనే సమీనా ఫోన్ చేసింది. ఆమె బాల్కనీకి ఎండ తక్కువ. "ఆంటీ, నా తీగకు అన్నీ మగపువ్వులే. అచ్చం మా టీమ్ లాగుంది."

"ఇంగేమప్పా," అంది భాగీరథమ్మ కొడుకుతో. "పోయి ఒకటి తెంపుకోని రా."

"అట్లా తేకూడదమ్మా. బ్లాకు మారుతుంది కదా, పాసు కావాలి."

"పువ్వుకీ పాసు కావాల్నా?"

"అన్నిటికీ కావాలి."

గురుమూర్తి అర్జీ పెట్టాడు. వస్తువు: మగపువ్వు, ఒకటి. లిఫ్టు అవసరమా: లేదు. తిరిగి ఇవ్వబడునా: వీలుపడదు. తరలింపు ఉద్దేశం అన్నచోట నిజాయితీగా 'పరాగ సంపర్కం' అని రాశాడు. దాంతో అర్జీ కుటుంబ విలువల ఉపసంఘానికి వెళ్ళింది. ఆ ఉపసంఘంలో సభ్యులు ఇంకా నియమితులు కాలేదు.

అతను స్వయంగా వెళ్ళి కార్యదర్శి మునీంద్రను కలిశాడు.

"పువ్వే కదప్పా, పర్సనల్‌గా నాకేం అబ్జెక్షన్ లేదు," అన్నాడు మునీంద్ర. "ఈ పొద్దు మీరు పువ్వంటారు. రేపు ఇంకొకరొచ్చి తుమ్మెదంటే నేనేం చెప్పేది? కొంచెం వెయిట్ చేయమనండి."

"ఎవరిని సార్?"

"ఆ పువ్వును."

"అది సాయంత్రం విచ్చి పొద్దునకు వాడిపోతుంది సార్."

"అదే ప్రాబ్లమ్ ఉండాది," అని మునీంద్ర నిట్టూర్చాడు. "మన రెసిడెంట్లకు ప్లానింగే ఉండదు."

తీగకు చివరి పిందెలు మిగిలాయి. ఆకులు అంచుల్లో ఎండటం మొదలైంది. ఒక సాయంత్రం గురుమూర్తి ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా వచ్చింది. కొప్పులో పసుపుపచ్చని బీరపువ్వు ఉంది.

జరిగింది ఇంతే. రెండు బ్లాకుల మధ్య కాపలా ఉండే మారప్పకు చేతిలో ఉన్నది వస్తువు, సంచిలో ఉన్నది డెలివరీ, తాడు కట్టి ఉన్నది కుక్క. తలలో ఉన్నదాని గురించి అతనికి ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

"ఏం పువ్వమ్మా, వాసనే లేదు?" అని మాత్రం అడిగాడట.

"నా వయసుకు వాసనెందుకప్పా," అని ఈమె వచ్చేసింది.

ఆ పువ్వు రేకలు వొలిచి, విచ్చుకుని ఉన్న ఆడపువ్వు మీద మెత్తగా రాసింది. గురుమూర్తి అటు తిరిగి నిలబడ్డాడు. ఈసారి పిందె పసుపుబారలేదు. వారం తిరిగేసరికి బొటనవేలంత అయింది.

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ అర్జీ ఇంకా యాప్‌లో పెండింగ్‌లో ఉంది. అక్కర తీరిన అర్జీని అలా వదిలేయడం గురుమూర్తికి నిద్ర పట్టనివ్వని విషయం. ఉపసంహరించుకున్నాడు. కారణం అడిగితే నిజమే రాశాడు: 'సదరు పువ్వు మా అమ్మగారి కొప్పులో వచ్చినది.'

మర్నాడే మునీంద్ర ఇద్దరు సభ్యులతో వచ్చి కాయకు ఎర్ర రిబ్బను కట్టాడు. అనుమతి పెండింగ్‌లో ఉండగా ఏర్పడిన కాయ గనుక, విచారణ ముగిసేదాకా దాన్ని కోయరాదు, వండరాదు, ఇతరులకు పంచరాదు.

"కొయ్యగూడదంటాండారా?" అని భాగీరథమ్మ కొడుకును మళ్ళీ అడిగి రూఢి చేసుకుంది. "సరేలేప్పా. పెద్దోళ్ళు చెప్పినట్లే కానీ." విత్తనానికి వదిలిన కాయను కోయొద్దని ఇంటిల్లిపాదికీ చెబుతూ కాపలా కాయాల్సిన పని తప్పిందని, ఆ రాత్రి ఆమె భర్తకు ఫోన్‌లో చెప్పుకుంది.

విచారణ సాగింది. మారప్పను అడిగితే తలలో పువ్వు చూశానని ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళ తలలు తనిఖీ చేయాలా వద్దా అన్నదానిపై సర్వసభ్య సమావేశం పెట్టబోయి, కార్యదర్శి భార్య ఏదో అనడంతో మానుకున్నారు. ఈలోగా కాయ ముదిరింది, ఎండింది, గోధుమరంగుకు తిరిగి తేలికైంది. తనిఖీ ముందురోజు భాగీరథమ్మ దాని కొస మూతిని గోటితో తెరిచి, కొంగు పట్టి, నల్లటి గింజలన్నీ దులిపేసుకుంది. కోయలేదు. కోయరాదు కదా.

తనిఖీలో మునీంద్ర ఆ కాయను చెవి దగ్గర ఊపి చూశాడు. చప్పుడు లేదు. చెక్కు గిల్లి చూస్తే లోపలంతా పీచు.

"ఇది వెజిటబుల్ కాదు గురుమూర్తిగారూ. బాత్‌రూమ్ ఐటమ్," అన్నాడు. "కూరగాయలకని తీసుకున్న పర్మిషన్ మీద స్నానం సామాన్లు తయారు చేశారు. సంచి తీసేయండి." కాయను సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నాడు. (ఆ ఆదివారం లిఫ్టులో కనిపించినప్పుడు, "మీ సాక్ష్యం చాలా బాగుండాదప్పా, వీపు హాయిగా ఉండాది. ఇంకొకటి దొరుకుతుందా?" అని అడిగాడు.)

గ్రోబ్యాగ్ కిందికి వెళ్ళింది. గోనెపట్టా కూడా వెళ్ళింది. మిగిలింది ఫైలు మూసివేత పత్రం ఒక్కటే. గురుమూర్తి సోఫాలో కూర్చుని ఫోన్‌లో దాన్ని నింపుతుంటే, పక్కన భాగీరథమ్మ గింజల్ని ఒక్కొక్కటే బూడిదలో పొర్లించి గుడ్డలో పోస్తోంది.

మట్టి తొలగించబడినదా: అవును. రెయిలింగ్ తుడవబడినదా: అవును. చివరి ప్రశ్న దగ్గర అతని వేలు ఆగింది. 'మీ ఇంట్లో మొలకెత్తే ప్రమాదం గల వస్తువేదైనా ఇంకా మిగిలి ఉన్నదా?'

"ఏమప్పా, ఆగిపోతివి?" అంది భాగీరథమ్మ, గుడ్డ ముడి బిగిస్తూ.

గురుమూర్తి ఆ ముడి వైపు చూశాడు. కాలేజీ అర్జీ దగ్గర్నుంచి ఇప్పటిదాకా తను నింపిన కాగితాలన్నీ ఒకసారి తలుచుకున్నాడు. తర్వాత 'లేదు' అని నొక్కాడు.

నెలల తరబడి కదలని యాప్ ఆ క్షణమే బదులిచ్చింది. 'మీ ఫైలు మూసివేయబడినది. మీ నిజాయితీకి సంఘం కృతజ్ఞతలు.'