గంగ మీద పడిన కన్ను

"దేవదాసూ, రాసి పెట్టుకో. నాలుగు కాళ్ల జీవికి సంబంధించిన ఏ నేరమైనా సరే, ఈ ఓబుళప్ప చూపు నుంచి తప్పించుకుపోయేది ఈ భూమ్మీద లేదు."

హిందూపురం పాలకేంద్రంలో, పొద్దున ఎనిమిది గంటలకు, ఖాళీ క్యాను మీద ఒక కాలు పెట్టి, నల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ ఓబుళప్ప ఈ ప్రకటన చేశాడు. దేవదాసు రాసి పెట్టుకోలేదు. అతని రెండు చేతులూ కడుగుతున్న ఇంకో క్యానులో మోచేతుల దాకా ఉన్నాయి. పైగా ఇదే ప్రకటన పోయిన వారమూ విన్నాడు, అంతకు ముందు వారమూ విన్నాడు.

ఓబుళప్పకి బజారులో దాణా అంగడి ఉంది. జేబులో ఒక కార్డు ఉంటుంది. దానికి ఒక వైపు "ఓబుళప్ప, పశు నేర పరిశోధకుడు" అనీ, రెండో వైపు "తౌడు, పత్తిచెక్క దొరుకును" అనీ అచ్చు వేయించాడు. ఇప్పటిదాకా పరిశోధించిన కేసు ఒకటే. గోరంట్లలో తప్పిపోయిన ఒక గేదె కోసం మూడు రోజులు బస్సులన్నీ తనిఖీ చేశాడు. గేదె ఆ మూడు రోజులూ సొంత ఇంటి వెనకే పడుకుని నెమరు వేసుకుంటోంది. "నేను బస్సులు ఆపించబట్టే అది యాడికీ పోలేకపోయింది" అని ఓబుళప్ప తేల్చాడు. అతనితో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చోవడం దేవదాసు చేసిన పాపం.

దేవదాసు చేసిన రెండో పాపం "మన ఆవులు, మన పాడి" అనే వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ కావడం. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రెండు వందల పద్నాలుగు మంది పాడి రైతులున్న గ్రూపు అది. రాజకీయాలు మాట్లాడరాదు, తెల్లారకముందే పూల బొమ్మలు పంపరాదు వంటి నియమాలన్నీ దేవదాసే రాసి పెట్టాడు. అసలైన నియమం మాత్రం ఎక్కడా రాసిలేదు, రాయాల్సిన అవసరమూ ఎవరికీ కనిపించలేదు. ఎవరి ఆవునీ మెచ్చుకోకూడదు. ఫోటో పెట్టేవాళ్లు పొదుగు మీద తుండుగుడ్డ కప్పి పెడతారు. చూసినవాళ్లు "ఊఁ, పర్వాలేదు" అంటారు. "ఏదో ఉండాదిలే" అన్నారంటే ఆ ఆవు జిల్లాలోనే మేలైనదని అర్థం. దేవదాసు ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, దిష్టినీ గిష్టినీ నమ్మనంటాడు. అయినా వాళ్ల ఆవు మెడలో భార్య మేరీ కట్టిన నల్లతాడు ఉంది. అదెందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంత మర్యాదగల గ్రూపులోకి నెల కిందట ధర్మవరం నుంచి కేశవ అనే పట్టుచీరల నేతగాడు చేరాడు. కొత్తగా ఒక ఆవును కొన్నాడు. పోయిన ఆదివారం పెనుకొండ వెంకటక్క తన ఆవు గంగ ఫోటో పెట్టింది. సరిగ్గా ఫోటో తీసే క్షణాన గాలికి తుండుగుడ్డ ఎగిరిపోయింది, ఆమె గమనించలేదు. అంతా చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కేశవ ఊరుకోలేదు.

"అబ్బబ్బా అక్కా! ఏం నునుపు, ఏం మెరుపు! ఆ పొదుగు మీద నుంచి కండ్లు తిప్పుకోలేకుండా ఉండా. మా వీధిలో పదిమందికి చూపించినా" అని రాసి, కింద ఆరు మంట బొమ్మలు పెట్టాడు.

నలభై నిమిషాలు గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు. మరునాడు గంగ అర లీటరు తక్కువిచ్చింది. వెంకటక్క గుండె జారిపోయి, నలుగురి కంటా పడకుండా ఆవును ఇంటి వెనక రేకుల కొట్టంలోకి మార్చి, చుట్టూ పాత చీరలు కట్టేసింది. అయినా లాభం లేకపోయింది. వారం తిరిగేసరికి సాయంత్రం పూట ఐదు లీటర్లిచ్చే గంగ ఒక్క లీటరు దగ్గర ఆగింది. ఈ పొద్దున వెంకటక్క గొంతు గ్రూపులో వినిపించింది.

"దేవదాసూ, నువ్వు గ్రూపుకు పెద్దోనివి. ఆ ధర్మవరమాయప్ప కన్ను నా గంగ మీద పడింది. మాపుకు ఆరు గంటల్లోపల ఆయప్పను తీసేస్తావా సరే. లేదంటే మా పెనుకొండోళ్లం నలభైమందిమీ ఎల్లిపోతాం."

ఆ వెంటనే కేశవ ఫోన్ చేశాడు.

"తీసేయొద్దన్నా. నా ఆవు ఈ పొద్దో రేపో ఈనుతాది. నాకిది మొదటి ఆవు, దానికిది మొదటి ఈత. మా వీధిలో మగ్గం గురించి అడిగితే నూరుమంది చెప్తారు, ఆవు గురించి చెప్పేటోళ్లు ఒక్కరు లేరు. డాక్టరు వచ్చేలోపల నేనేం చేయాల, ఎవర్నడగాల? నాకుండేది ఈ గ్రూపొక్కటేనన్నా."

దేవదాసుకి నిజంగా బాధేసింది. మొదటి ఈతంటే ఎంత భయమో అతనికి తెలుసు. ఒక పక్క నలభైమంది, ఇంకో పక్క ఒక చూడి ఆవు. ఏం చేయాలో తోచక ఆ సంగతి పొరపాటున ఓబుళప్ప ముందు అన్నాడు. అందుకే ఇప్పుడీ ప్రకటన.

"దిష్టి అనేది ఒక ఆయుధం దేవదాసూ. ఆయుధం ఉంటే దాన్ని వాడినోడు ఉంటాడు. వాడికొక పథకం ఉంటాది. బండి తియ్."

"నీ బండేమైందప్పా?"

"డిటెక్టివ్ బండి నడపకూడదు. వెనక కూర్చుని గమనించాల."

నలభై కిలోమీటర్లు గమనించాక పెనుకొండ వచ్చింది. "ముందు ఆవును చూసిపోదామా?" అని దేవదాసు అడిగాడు.

"నేరం జరిగిన చోట నేరస్తుడు ఉంటాడా? ధర్మవరం పోనీ."

వెంకటక్క ఇల్లు రోడ్డు పక్కనే కనిపించింది, వెనక్కి పోయింది. దేవదాసు నిట్టూర్చి ధర్మవరం పోనిచ్చాడు.

కేశవ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఇద్దరికీ మంచినీళ్లిచ్చాడు. పెరట్లో ఆవు నిండుగా, బరువుగా నిలబడి ఉంది. కేశవ పది నిమిషాలకోసారి లేచి పోయి దాన్ని చూసి వస్తున్నాడు.

"ఆదివారం సాయంత్రం నాలుగుంబావుకు నువ్వు యాడుంటివి?" ఓబుళప్ప కళ్లద్దాలు తీసి అడిగాడు.

"ఈడనేన్నా, మగ్గంలో."

"సాక్షులెవరు?"

"మగ్గం."

"ఆ మాటలు ఏంటికి రాస్తివప్పా?" అని దేవదాసు మధ్యలోకి వచ్చాడు.

కేశవ తల గీరుకున్నాడు. "మా కాడ ఎవరన్నా చీర విప్పి చూపించినారంటే మెచ్చుకోవాలన్నా. అంచు బాగుండాది, మెరుపు బాగుండాదని నోరారా చెప్పాల. చూసి గమ్మునుంటే వాళ్ల పనిని ఛీ అన్నట్టు. అక్క అంత మంచి ఆవును చూపిస్తే ఒక్కరూ పలకలేదు. అయ్యో పాపమని నేనన్నా ఒక మాట రాసినా."

దేవదాసుకి విషయమంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇది చెబితే వెంకటక్క వింటుందా అన్నదే అనుమానం. ఓబుళప్ప మాత్రం ఇదేమీ వినలేదు. అతని చూపు మగ్గం పక్కన గూట్లో నిలిచిపోయింది. అక్కడ ఒక చిన్న భూతద్దం ఉంది.

"ఇదేంది?"

"పోగులు లెక్కపెట్టుకునే అద్దమన్నా."

ఓబుళప్ప దాన్ని రుమాలుతో పట్టుకుని వెలుగులోకి ఎత్తాడు. "దేవదాసూ, చూసినావా? మామూలు కన్ను అర లీటరు లాగుతాది. అద్దంలోంచి చూస్తే నాలుగు లీటర్లు లాగుతాది. దిష్టికి పవర్ పెంచే యంత్రం. కేసు ముగిసింది."

"అన్నా, అది నాకు కావాలన్నా" అని కేశవ బతిమాలాడు. సాక్ష్యాన్ని వెనక్కి ఇవ్వడం కుదరదన్నాడు ఓబుళప్ప. అతను చెప్పులు వేసుకునేటప్పుడు దేవదాసు అద్దాన్ని అతని జేబులోంచి తీసి గూట్లోనే పెట్టేశాడు.

పెనుకొండ చేరేసరికి నాలుగున్నర. వెంకటక్క వాకిట్లోనే ఎదురైంది. ఆవు దగ్గరికి ఎవరూ పోకూడదంది. తను కూడా పాలు పిండే వేళ తప్ప పోవడం లేదట.

"నా కన్ను మాత్రం కన్ను కాదా అప్పా? పొద్దంతా నేనే దాన్ని చూసుకుని మురిసిపోతాంటి. అందుకే చీరలు కట్టేసి ఈ పక్క కూర్చున్యా."

దేవదాసు అరుగు మీద కూర్చుని ధర్మవరంలో చీర చూపిస్తే ఏం మర్యాదో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. వెంకటక్క ముఖం తిప్పుకుంది. "చీర పాలిస్తాదా?" అంది. గడియారం ఐదవుతోంది. ఈమెను ఒప్పించకపోతే గంటలో ఆ నేతగాణ్ని తన వేలితోనే బయటికి తోయాలి.

చూస్తే ఓబుళప్ప పక్కన లేడు. సరిగ్గా అప్పుడే ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. గ్రూపులో వీడియో వచ్చింది.

వీడియో నిండా ఓబుళప్ప ముఖం ఉంది. వెనక చీరల తెర, ఆ తెర ముందు గంగ. దొంగచాటుగా కొట్టంలో దూరి, వెలుతురు బాగుందని అక్కడే తీసినట్టున్నాడు. ఫోన్‌లో తన మీసం తప్ప మరేదీ చూసే అలవాటు ఓబుళప్పకి లేదు.

"పాడి రైతు సోదరులారా!" అన్నాడు వీడియోలో ఓబుళప్ప. "నేరస్తుడు మన మధ్యనే ఉన్నాడు."

వెనక గంగ మెడ చాచింది.

"ఈ అమాయకపు మూగజీవి పాలను రోజూ ఎవరో తాగేస్తున్నారు."

గంగ మెడ పూర్తిగా పక్కకి తిప్పి, తల వంచి, తన పొదుగు నోటితో అందుకుంది.

"వాడెంత తెలివైనవాడంటే, ఒక్క సాక్షికీ చిక్కలేదు. కానీ నా కంటికి చిక్కాడు!"

గంగ తోక ఊపుకుంటూ, అరమోడ్పు కళ్లతో, తన పాలు తానే హాయిగా తాగుతోంది. ఓబుళప్ప మరో మూడు నిమిషాలు నేరస్తుల మనస్తత్వం గురించి మాట్లాడాడు. గంగ ఆ మూడు నిమిషాల్లో నాలుగు చన్నులూ ముగించింది.

గ్రూపులో సందేశాలు కురిశాయి. "ఓబుళప్పన్నా, వెనక్కి తిరుగు." "అన్నా, ఎనక చూడు, ఎనక." మడకశిర చౌడప్ప తాపీగా మాట్లాడి పంపాడు: "ఒంటిగా కట్టేస్తే కొన్ని ఆవులు ఇట్లే నేర్చుకుంటాయక్కా. మెడ చుట్టూ నాలుగు కర్రలు కట్టు, తల తిప్పలేదు. తీసుకొచ్చి మళ్లీ నలుగురిలో కట్టేయ్."

వెంకటక్క వీడియోని రెండోసారి చూసింది. మూడోసారి చూసింది. లేచి పోయి, కొట్టం చుట్టూ కట్టిన చీరలు ఒక్కొక్కటే విప్పింది. లోపల ఓబుళప్ప ఫోన్ చూసుకుంటూ వెలిగిపోతున్నాడు. "చూసినావా దేవదాసూ, నిమిషంలో అరవై మంది పలికినారు" అన్నాడు. దేవదాసు అతని భుజాలు పట్టి వెనక్కి తిప్పాడు.

ఓబుళప్ప గంగను చూశాడు. గంగ ఓబుళప్పను చూసి మూతి నాక్కుంది.

"దీన్ని బయటపెట్టేదానికే కదా, నేను ఎదురుగా నిలబడి దాన్ని ఏమార్చింది" అన్నాడు ఓబుళప్ప, కళ్లద్దాలు పెట్టుకుంటూ.

ఆరుకు పావు తక్కువకు దేవదాసు ఫోన్ మోగింది. కేశవ. "అన్నా, నేనింకా గ్రూపులో ఉండానా? కాళ్లు కనపడతాండాయన్నా! డాక్టరు దారిలో ఉండాడంట. నాకు చేతులాడడం లేదు!"

దేవదాసు నోరు తెరిచేలోగా వెంకటక్క ఫోన్ లాక్కుంది. "ఏమబ్బా కేశవా, నేను వెంకటక్కను. వీడియో పెట్టు. ఏడవొద్దు, ముందు చూపించు." ఫోన్‌ని కంటికి దగ్గరగా పట్టుకుంది. "రెండూ ముందు కాళ్లే. వాటి మీద ముక్కు ఉండాదా? ఉండాది కదా. ఇంక నువ్వు లాగొద్దు, గమ్మునుండు. దాని పని అది చేసుకుంటాది."

ఇరవై నిమిషాలు ఆమె ఆ ఫోన్ దించలేదు. దూడ జారి పడగానే, "ముక్కులో జిగురు తుడువు. గడ్డిపరక ముక్కులో పెట్టి తిప్పు. తుమ్మాల అది, తుమ్మాల" అని అరిచింది. దూడ తుమ్మింది. ధర్మవరంలో కేశవ భోరుమన్నాడు. పెనుకొండలో వెంకటక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఏడ్చేదేంటికి, దానికి జున్నుపాలు తాపు" అని కసిరింది.

మరునాడు పొద్దున కేశవ గ్రూపులో దూడ ఫోటో పెట్టాడు. తెల్లటి నుదురు, పెద్ద కళ్లు, నాలుగు కాళ్ల మీద నిటారుగా ఉంది. ఒళ్లంతా కనిపించకుండా పాత పట్టుచీర ముక్క కప్పాడు. రెండు వందల పద్నాలుగు మందీ ఊపిరి బిగబట్టారు. మొదట వెంకటక్క రాసింది.

"చెవులు బాగలేవు."

"కాళ్లు వంకర" అన్నాడు చౌడప్ప.

"ఏం దూడప్పా అది, మేకపిల్ల మాదిరి ఉండాది."

"మొగము చూడబుద్ధి కాలేదు."

పెనుకొండ వాళ్లు నలభైమందీ తలా ఒక మాట తిట్టారు. పాలకేంద్రంలో దేవదాసు క్యాను పక్కన పెట్టి, తడి చేతులు తుడుచుకుని, "ఏదో ఉండాదిలే" అని రాశాడు. కేశవ దండం బొమ్మలు పంపాడు. "అక్కా, అన్నా, అందరికీ శానా సంతోషం. ఇంత ప్రేమ నేనెప్పుడూ చూడలేదు" అని రాశాడు.

అప్పుడు ఓబుళప్ప పలికాడు. "ఆహా! ఏమందం! పున్నమి చంద్రుడు నేల మీదికి దిగినట్టుంది! పెద్దదైతే పూటకు పదిహేను లీటర్లు ఖాయం!" కింద పన్నెండు మంట బొమ్మలు.

కేశవ దగ్గర్నుంచి వెంటనే ఒక్క మాట వచ్చింది. "అన్నా!"

దేవదాసు బొటనవేలు రెండోసారి ఆలోచించలేదు.

పది నిమిషాల్లో ఓబుళప్ప పాలకేంద్రం గుమ్మంలో నిలబడి, ఖాళీ క్యాను మీద కాలు పెట్టాడు. "దేవదాసూ, నన్ను ఎవరో గ్రూపులోంచి తీసేసినారు. నేనంటే భయపడినోడు ఎవడో ఉండాడు. వాడెవడో నేను కనిపెట్టకుండా వదలను. నీకెవరి మీదన్నా అనుమానం ఉండాదా?"

"లేదప్పా" అన్నాడు దేవదాసు, చేతులు మళ్లీ మోచేతుల దాకా క్యానులో పెడుతూ.